ఎవరి పూచీ? మివ్‌నాయ్ రాసిన రెండు ఉత్తరాలు

పట్టుదారి గురించి ఎవరు రాసినా ఒంటెల బిడారుతోనే మొదలుపెడతారు. ఇసుక తిన్నెలు, గంటల చప్పుడు, పట్టు తానులు, కస్తూరి, కాగితం, ఆ సరుకుల వెంటే నడిచిన మతాలూ కథలూ. ఆ వర్ణనలో పెళ్ళాం పిల్లలున్న మనిషి సాధారణంగా కనబడడు. వర్తకుడు ఎప్పుడూ ఒంటరిగానే ప్రయాణం చేస్తున్నట్టుంటాడు. అసలు ఆ దారికి ఆ పేరే చాలా కొత్తది. 1877లో రిష్తోఫెన్ అనే జర్మన్ భూగోళ శాస్త్రవేత్త వల్ల ప్రచారంలోకి వచ్చింది. ఆ దారిన నడిచినవాళ్ళెవరికీ తాము 'పట్టుదారి'లో ఉన్నామని తెలియదు. తాము ఇరుక్కుపోయామని మాత్రం కనీసం ఒక స్త్రీకి బాగా తెలుసు. ఆమె పేరు మివ్‌నాయ్. నాలుగో శతాబ్దం మొదట్లో చైనా పడమటి సరిహద్దు ఊరు దున్‌హువాంగ్‌లో ఉండి ఆమె రాసిన రెండు ఉత్తరాలు మనదాకా వచ్చాయి. ఒకటి తల్లికి, ఒకటి భర్తకి. రెండూ చేరవలసిన చోటికి చేరలేదు.

మివ్‌నాయ్ సోగ్దియన్ స్త్రీ. సోగ్దియన్లు ఇవాళ్టి ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్‌లలో పారే జరఫ్షాన్ నది లోయ మనుషులు. సమర్‌కంద్, బుఖారా, పంజికెంత్ వాళ్ళ ఊళ్ళు. వాళ్ళది ఇరానీ కుటుంబానికి చెందిన భాష. దాని చుట్టం లాంటి యఘ్నోబీని తజికిస్తాన్ కొండల్లో ఇప్పటికీ మాట్లాడతారు. పెద్ద సామ్రాజ్యమంటూ ఏదీ కట్టకుండానే నాలుగో శతాబ్దం నుంచి ఎనిమిదో శతాబ్దం దాకా మధ్య ఆసియా వర్తకాన్ని తమ చేతుల్లో పెట్టుకున్నారు. సోగ్దియన్ ఇళ్ళలో బిడ్డ పుట్టగానే తియ్యగా మాట్లాడాలని నోట్లో కలకండ, పట్టుకున్న డబ్బు జారిపోకూడదని అరచేతిలో జిగురు పెడతారని తాంగ్ వంశపు చరిత్రలు రాశాయి. మగపిల్లవాడికి ఇరవై ఏళ్ళు రాగానే పొరుగు దేశాలకు వెళ్ళిపోతాడట. పొరుగువాళ్ళ గురించి చైనా కొలువులో చెప్పుకున్న కబురు ఇది. ఎంత నిజమో, ఎంత వెటకారమో విడదీయడం కష్టం. ఆ ఇరవై ఏళ్ళవాడు వెళ్ళిపోయాక ఇంట్లో ఏమవుతుందో మాత్రం ఆ కబురులో లేదు.

మనకీ వాళ్ళకీ సంబంధం లేకపోలేదు. బిడారు నాయకుణ్ణి సోగ్దియన్లు 'సార్త్‌పావ్' అనేవారు. ఇది మన సంస్కృతపు 'సార్థవాహ' శబ్దమే, దారిలో కొంత అరిగి అక్కడికి చేరింది. చైనావాళ్ళ నోట్లో 'సాబావ్'గా మారి చివరికి ఒక ప్రభుత్వ పదవి పేరయింది. పంజికెంత్ ఇళ్ళ గోడల మీద పంచతంత్ర కథలు బొమ్మలుగా ఉన్నాయి. సింధు నది ఎగువన, ఇప్పటి పాకిస్తాన్ అధీనంలోని షతియాల్ దగ్గర బండల మీద సోగ్దియన్ల చెక్కుడు రాతలు వందల కొద్దీ దొరికాయి. ఎక్కువభాగం వట్టి పేర్లే, ఫలానావాడి కొడుకు ఫలానా అని. ఒక్కడు మాత్రం ఇంకొంచెం రాశాడు. త్వరగా గమ్యం చేరి అన్నదమ్ముణ్ణి క్షేమంగా చూసుకోవాలని ఆ స్థలపు దేవతను వేడుకున్నాడు. దారి వెంట రాతి మీద పేరు చెక్కుకునే తీరికా అవసరమూ వాళ్ళకున్నాయి. మివ్‌నాయ్‌కి దొరికింది కాగితం.

ఆ కాగితాలు 1907లో ఆరెల్ స్టీన్‌కు దొరికాయి. దున్‌హువాంగ్‌కు పడమర, చైనా సరిహద్దు గోడ వెంట ఉన్న ఒక పాడుబడిన కాపలా బురుజులో, చెత్తలో మడతలు విప్పకుండా పడి ఉన్నాయి. దాదాపు పూర్తిగా ఉన్నవి అయిదు, మిగిలినవి ముక్కలు. ఒక ఉత్తరాన్ని పట్టుగుడ్డలో చుట్టి, పైన ముతక గుడ్డ సంచి వేసి, సమర్‌కంద్‌కు అని చిరునామా రాశారు. ఇప్పుడివి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. నాకు సోగ్దియన్ భాష రాదు. నికొలస్ సిమ్స్-విలియమ్స్ ఏళ్ళ తరబడి శ్రమపడి చేసిన ఇంగ్లీషు అనువాదాల ద్వారానే చదివాను.

ఈ అయిదింటిలో చరిత్రకారులు నెత్తిన పెట్టుకున్నది రెండో ఉత్తరాన్ని. నానైవందక్ అనే వర్తకుడు సమర్‌కంద్‌లోని తన పెద్దలకు రాసింది అది. రాజధాని లోయాంగ్ తగలబడిందనీ, కరువుకు తాళలేక చక్రవర్తి పారిపోయాడనీ, అక్కడున్న సోగ్దియన్లూ భారతీయులూ ఆకలికి మాడి చచ్చిపోయారనీ అందులో ఉంది. ఈ వార్తల ఆధారంగానే 1948లో హెన్నింగ్ అనే పండితుడు ఈ ఉత్తరాలన్నిటికీ కాలం కట్టాడు. లోయాంగ్ 311లో హూణుల చేతికి చిక్కింది. కాబట్టి ఉత్తరాలు 313 ప్రాంతంవి. యుద్ధం, చక్రవర్తి, రాజధాని, సరుకు లెక్కలు అన్నీ ఉన్నాయి కనక అది 'చరిత్ర' అయింది. మివ్‌నాయ్ ఉత్తరాల దగ్గరికి వచ్చేసరికి అవే పుస్తకాలు గొంతు మార్చుకుంటాయి. 'హృదయవిదారకం' అంటాయి. ఆమె తిట్టిన తిట్టును ఒకసారి ఉటంకించి మళ్ళీ సరుకుల్లోకి వెళ్ళిపోతాయి. ఇది నాకు మింగుడుపడదు. ఆ రెండు ఉత్తరాలూ వర్తక చరిత్రకు పక్కన వేలాడే కన్నీటి చుక్కలు కావు. ఆ వర్తకం ఏ సూత్రం మీద నడిచిందో వాటిలో ఉన్నంత స్పష్టంగా రెండో ఉత్తరంలో కూడా లేదు.

ముందు తల్లికి రాసిన ఉత్తరం చూద్దాం. తల్లి పేరు చాతిస్. మొదటి వాక్యంలోనే మివ్‌నాయ్ తనను తాను స్వతంత్ర స్త్రీనని చెప్పుకుంటుంది, అంటే బానిసను కానని. అది సంబోధనలో వాడే మర్యాద మాటే కావచ్చు, కానీ కింద ఉన్నదంతా చదివాక ఆ మాట దగ్గరికి మళ్ళీ వెనక్కి వెళ్ళకుండా ఉండలేం. నిన్ను చూడాలని ఉంది, నాకు ఆ అదృష్టం లేదు అంటుంది. తర్వాత తను ఎవరెవరి గుమ్మం తొక్కిందో వరసగా చెబుతుంది. సోగ్దియన్ల సంఘంలో పెద్ద అయిన సఘరక్‌ను అడిగింది. నీ భర్తకు ఈ ఊళ్ళో అర్తివాన్ కన్నా దగ్గరి బంధువు లేడు, అతన్ని అడుగు అన్నాడాయన. అర్తివాన్‌ను అడిగింది. పని కాలేదు. ఫర్న్‌ఖుంద్‌ను అడిగింది. నీ భర్త తరఫు చుట్టమే ఒప్పుకోనప్పుడు నిన్ను పుట్టింటికి నేనెలా తీసుకుపోతాను, ఆగు, నీ భర్తే వస్తాడేమో అన్నాడతను. ఒంటిమీదకు సరైన బట్ట లేదు, చేతిలో డబ్బు లేదు. అప్పు అడిగితే ఇచ్చేవాళ్ళు లేరు. గుడి పూజారి దయతో పెట్టింది తిని బతుకుతోంది. ఆయన ఒక్కడే, నువ్వు బయల్దేరితే ఒక ఒంటెను, తోడుగా ఒక మనిషిని ఇస్తానన్నాడు.

ఒంటె ఉంది. మనిషి ఉన్నాడు. దారి ఉంది. మరి ఎందుకు కదలలేకపోయింది? ఒప్పుకోవలసినవాడు ఒప్పుకోలేదు గనక.

ఎవరూ ఆమెను కొట్టలేదు, కట్టెయ్యలేదు, వెళ్ళవద్దని గట్టిగా కూడా అనలేదు. ప్రతివాడూ మర్యాదగా ఇంకొకడి పేరు చెప్పాడు. ఎన్ని దరఖాస్తులు పెట్టుకున్నా ఫలానా సెక్షన్‌లో అడగండని పంపించే కార్యాలయం లాంటిది ఆ సంఘం. మివ్‌నాయ్ ఆ సంఘాన్ని ఎంత శ్రద్ధగా నమోదు చేసిందో గమనించాలి. ఎవరిని అడిగింది, వాళ్ళేమన్నారు, ఏ కారణం చెప్పారు, అన్నీ పేర్లతో సహా. ఒక పరాయి ఊళ్ళో సోగ్దియన్ వర్తక సంఘం లోపలి అమరిక ఎలా ఉండేదో ఆమె ఫిర్యాదు వల్ల మనకు తెలుస్తోంది.

భర్త పేరు నానైధాత్. నానా దేవత ఇచ్చినవాడని ఆ పేరుకు అర్థం. సింహాన్ని ఎక్కిన ఆ దేవతను పంజికెంత్ గోడల మీద నాలుగు చేతులతో చిత్రించారు. ఆ చేతులు మన దేశపు దేవతా మూర్తుల నుంచి వెళ్ళినవే. అమ్మవారి పేరు పెట్టుకున్నవాళ్ళ ప్రవర్తన గురించి మనకు వేరే చెప్పనక్కరలేదు.

అతనికి రాసిన ఉత్తరం, సాహిత్య విద్యార్థిగా నాకు, మొత్తం సోగ్దియన్ వాఙ్మయంలో కెల్లా గొప్ప గద్యం. మోకాలు వంచి, దేవుళ్ళకు చేసినట్టు ప్రభువైన భర్తకు నమస్కారం అని మొదలవుతుంది. అది ఆనాటి ఉత్తరాల ఆనవాయితీ, మనవాళ్ళు 'మహారాజశ్రీ', 'గంగాభాగీరథీ సమానురాలైన' అని రాసుకున్నట్టు. నీ క్షేమం విన్న రోజున నేను చావులేనిదాన్నయ్యానని అనుకున్నాను అంటుంది. ఇదీ ఆనవాయితీయే. కానీ వెంటనే అదే అచ్చులో పోసి, ఇప్పుడు మాత్రం నేను చచ్చినదాన్నే అనుకుంటున్నాను అని రాస్తుంది. మర్యాద వాక్యం పక్కనే దాని శవాన్ని పడుకోబెట్టినట్టుంటుంది. మళ్ళీ మళ్ళీ ఉత్తరాలు పంపాను, నీ నుంచి ఒక్కటీ రాలేదు, నీ మీద ఆశ వదులుకున్నాను అంటుంది. నీ పుణ్యమా అని ఈ ఊళ్ళో మూడేళ్ళుగా ఉన్నాను, బయటపడే అవకాశం ఒకసారి, రెండోసారి, అయిదోసారి కూడా వచ్చింది, అతను తీసుకుపోనన్నాడు అంటుంది. తల్లి మాట, అన్నదమ్ముల మాట వినకుండా నీ మాట విని ఇక్కడికి వచ్చాను, ఆ రోజున దేవుళ్ళు నా మీద కోపంగా ఉండి ఉంటారు అంటుంది. ఆ తర్వాతే ఆ పేరుపడిన వాక్యం వస్తుంది. నీ పెళ్ళాంగా ఉండే కన్నా కుక్కకో పందికో పెళ్ళాంగా ఉండటం నయమంటుంది. దాని కిందే, మళ్ళీ ఆనవాయితీ ప్రకారం, నీ సేవకురాలు మివ్‌నాయ్ అని ముగిస్తుంది.

తానే రాసిందా, లేఖకుడి చేత రాయించిందా అన్నది పండితుల ప్రశ్న. ఎవరి చేతి రాతైనా ఆ వాక్యాన్ని చెప్పినప్పుడు ఎదురుగా ఉన్న మనిషి ఆమే. సేవకురాలు అన్న మాటనూ కుక్క, పంది అన్న మాటలనూ పక్కపక్కన పెట్టడంలో ఉన్న తెలివి ఏ లేఖకుడి ఆనవాయితీలోనూ ఉండదు.

అయితే నేను ఎక్కువసేపు ఆగిపోయే వాక్యం అది కాదు. అదే ఉత్తరంలో ఫర్న్‌ఖుంద్ అన్న మాటలుగా ఆమె రాసిన రెండు ముక్కలు. నన్ను నా భర్త దగ్గరికైనా చేర్చండి, లేదంటే అమ్మ దగ్గరికైనా చేర్చండి, దానికి ఫర్న్‌ఖుంద్‌కు కావలసిన సాయం చెయ్యండి అని ఆమె సంఘం పెద్దలను వేడుకుంటుంది. దానికి ఫర్న్‌ఖుంద్, నేను నానైధాత్ నౌకర్ని కాను, అతని పెట్టుబడీ నా దగ్గర లేదు అన్నాడు.

ఈ జవాబు వినడానికి మొండిగా ఉంది కానీ, వర్తకుడి లెక్కలో తిరుగులేనిది. ఆ రోజుల్లో సమర్‌కంద్ నుంచి లోయాంగ్ దాకా సరుకు నడిచిందంటే నమ్మకం మీదే నడిచింది. నీ డబ్బు నా దగ్గర ఉంటే నీ పట్ల నాకు బాధ్యత. నీ దగ్గర జీతానికుంటే బాధ్యత. ఇవి రెండూ లేనప్పుడు నీ భార్య ఆకలికి నేను పూచీ కాను. పెట్టుబడి ఎటు పోతే పూచీ అటు పోతుంది. మివ్‌నాయ్ పెట్టుబడి కాదు. కనుక ఆమెను దారి దాటించవలసిన పని ఎవరి ఖాతాలోనూ లేదు.

మరి ఈ ఉత్తరం అంచున కూతురు షాయిన్ తండ్రికి రాసిన నాలుగు ముక్కలున్నాయి. ఫర్న్‌ఖుంద్ పారిపోయాడు, చైనావాళ్ళు వెతుకుతున్నా దొరకలేదు, అతని అప్పుల వల్ల నేనూ అమ్మా చైనావాళ్ళకు దాసీలమయ్యాం అని.

ఫర్న్‌ఖుంద్ వాళ్ళ మనిషి కాదు. అతనే చెప్పాడు కదా! తీసుకుపొమ్మన్నప్పుడు వీళ్ళు అతనికి ఏమీ కారు. అప్పు వసూలు చేసుకోవలసి వచ్చినప్పుడు మాత్రం అతని తరఫున చేతికి దొరికిన మనుషులయ్యారు. ఒంటె ఇవ్వడానికి లెక్కలోకి రాని తల్లీకూతుళ్ళు అప్పు కిందికి లెక్కకొచ్చారు. వెయ్యిన్నొక్క పేజీల వాణిజ్య చరిత్ర చెప్పని విషయాన్ని, తండ్రిని చూసి మూడేళ్ళయిన ఒక ఆడపిల్ల కాగితం అంచున రాసింది.

ఇప్పుడు రెండో ఉత్తరంలోకి మళ్ళీ వెళితే ఇంకో సంగతి కనిపిస్తుంది. చక్రవర్తి పారిపోయిన కబురు చెప్పిన నానైవందక్ తన చావు దగ్గరపడిందనుకుంటూ చివర్లో ఒక ఏర్పాటు చేస్తాడు. తఖ్సిచ్‌వందక్ అనే తల్లిదండ్రులు లేని పిల్లవాడున్నాడు. వాడి పేరిట ఉన్న డబ్బును లెక్కపెట్టండి, వడ్డీ అసలులో కలపండి, నమ్మకమైనవాడి చేతిలో పెట్టి పెంచండి. తను పంపిన ముప్ఫయి రెండు కస్తూరి తిత్తుల్ని అయిదు వంతులు చేసి మూడు వంతులు వాడికివ్వండి. పెద్దవాడైతే పెళ్ళి చెయ్యండి, మీ దగ్గర్నుంచి పంపెయ్యకండి. చదువుతుంటే మనసు కరుగుతుంది. నానైవందక్ మంచివాడు. ఆ ఏర్పాటు పనిచేస్తుందని అతనికి గట్టి నమ్మకం కూడా ఉంది. వేల కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్ళు ఒక అనాథ పిల్లవాడి వాటాను వంచించకుండా కాపాడతారు. ఈ ఉత్తరమూ మివ్‌నాయ్ ఉత్తరాలూ అదే కాలంవి, అదే బురుజులో దొరికాయి. అదే సంఘం, అదే పూచీ. పిల్లవాడి పేరిట పెట్టుబడి ఉంది, వాడికి నీడ దొరికింది. షాయిన్ పేరిట ఏమీ లేదు.

మనసులేని మగవాళ్ళ సంగతిగా దీన్ని చదివితే పొరపాటు అనేది ఇందుకే. పితృస్వామ్యం ఇక్కడ ఒక దుర్మార్గుడి రూపంలో లేదు, ఖాతా పుస్తకంలో ఉంది.

ఆ దారి మీద అందరు స్త్రీలదీ మివ్‌నాయ్ గతే అనడం లేదు. 2003లో షియాన్ నగరం దగ్గర ఒక రాతి సమాధి బయటపడింది. 579లో ఎనభై ఆరేళ్ళ వయసులో పోయిన విర్కక్ అనే సార్థవాహుడిది. నెల రోజులకు పోయిన భార్య వియూసీదీ అదే సమాధి. సోగ్దియన్‌లోనూ చైనీస్‌లోనూ చెక్కిన శాసనంలో ఆమె పేరుంది. చనిపోయినవాళ్ళు దాటవలసిన వంతెన మీద ఇద్దరూ కలిసి నడుస్తున్న శిల్పం ఉంది. నాయకుడి భార్య అయితే రాతి మీద కూడా చోటు దొరుకుతుంది. తాంగ్ రాజధానిలో గిర్రున తిరిగే నాట్యంతో కవులను మైమరపించిన సోగ్దియన్ అమ్మాయిల్ని కూడా పట్టుదారి పుస్తకాలు మరిచిపోవు, బొమ్మలతో సహా వేస్తాయి. సమర్‌కంద్ నుంచి వాళ్ళను చక్రవర్తికి కానుకల జాబితాలో పంపారన్న ముక్క అదే పేజీలో ఉంటుంది. సాంస్కృతిక వినిమయం అన్న మాటలో వినిమయమైనవాళ్ళు కూడా ఉన్నారు.

తుర్ఫాన్ దగ్గర అస్తానా శ్మశానంలో 1969లో దొరికిన ఒక సోగ్దియన్ పత్రం ఈ వినిమయాన్ని ఏ నాట్యమూ లేకుండా చూపిస్తుంది. 639 నాటి అమ్మకం దస్తావేజు అది. సమర్‌కంద్ వాస్తవ్యుడు వఖుష్‌విర్త్ ఉపాచ్ అనే అమ్మాయిని యాన్‌స్యాన్ అనే బౌద్ధ భిక్షువుకు నూట ఇరవై వెండి ద్రమ్మలకు అమ్మాడు. అవి పారశీక దేశంలో అచ్చయిన శుద్ధమైన నాణేలని కూడా రాసుకున్నారు. వెండి స్వచ్ఛత గురించి అంత జాగ్రత్త. కొన్నవాడు ఆమెను కొట్టవచ్చు, తిట్టవచ్చు, కట్టివెయ్యవచ్చు, అమ్మవచ్చు, కుదువ పెట్టవచ్చు, కానుకగా ఇవ్వవచ్చు. మంచి అందమైన రాత, ఊరి పేర్లతో సహా సాక్షులు. భిక్షువు కొన్నాడన్న దగ్గర నాకు తెలిసిన బౌద్ధ అభిమానులు ఇబ్బందిగా కదులుతారు. కదలనివ్వండి.

ఈ క్రియలన్నీ, అమ్మడం, కుదువ పెట్టడం, కానుకివ్వడం, ఇంకో సోగ్దియన్ పత్రంలో అదే వరసలో కనబడి నన్ను నిలబెట్టేశాయి. అది పెళ్ళి పత్రం.

జరఫ్షాన్ ఎగువన ముగ్ కొండ మీద 1932లో ఒక గొర్రెల కాపరికి ఒక బుట్టలో కొన్ని రాతలు దొరికాయి. మరుసటి సంవత్సరం తవ్వకాల్లో ఇంకా బయటపడ్డాయి. వాటిలో 710లో, తర్ఖూన్ రాజు పదో ఏట, తోలు మీద రాసిన పెళ్ళి ఒప్పందం ఉంది. వరుడు ఉత్‌తెగిన్. వధువును చాత్ అని పిలిచేవారు. నవేకత్ ప్రభువు చేర్ ఆమె సంరక్షకుడు. భర్త ఆమెకు తిండి, బట్ట, నగలు, గౌరవం ఇవ్వాలి, ఆమె భర్త మాట వినాలి. ఇంతవరకూ మనకు తెలిసిందే. ఆమెకు ఇష్టం లేకుండా ఇంకో భార్యనో ఉంపుడుగత్తెనో తెస్తే భర్త ముప్ఫయి ద్రమ్మలు చెల్లించాలి, ఆ స్త్రీని పంపెయ్యాలి. అతనికి ఆమె వద్దనిపిస్తే ఆమె సొత్తుతో సహా పంపాలి. ఆమెకు అతను వద్దనిపిస్తే, అతనిచ్చిన బట్టలూ నగలూ తిరిగిచ్చి, తనవి తను తీసుకుని వెళ్ళిపోవచ్చు, ఇంకేమీ చెల్లించనక్కరలేదు. ఆ తర్వాత ఒక షరతు ఉంది. భర్త ఏదైనా తప్పు చేసి బానిసో, కుదువ మనిషో, ఖైదీయో అయితే, చాత్‌నూ ఆమె పిల్లలనూ ఏ బాకీ అంటకుండా వదిలెయ్యాలి.

నాలుగు వందల ఏళ్ళ తేడాలో షాయిన్ రాసిన నాలుగు ముక్కల్నీ ఈ షరతునూ పక్కపక్కన పెట్టి చదవండి. మగవాడి అప్పు కింద ఆడమనిషి జమ అవడం ఎప్పుడో ఒక అభాగ్యురాలికి జరిగిన వింత అయితే, దాన్ని ఆపడానికి పెళ్ళి పత్రంలో ఒక వాక్యం అవసరమయ్యేది కాదు. ఆ షరతు ఎన్ని మివ్‌నాయ్‌ల మీదుగా వచ్చిందో!

వరుడు సంరక్షకుడికి విడిగా ఇంకో పూచీ పత్రం కూడా రాసిచ్చాడు. మిత్ర దేవుడి మీద ఒట్టు పెట్టి, ఈమెను అమ్మను, కుదువ పెట్టను, కానుకగా ఇవ్వను, ఇంకొకడి చేతికింద ఉంచను అన్నాడు. ఉపాచ్ పత్రంలో అనుమతులుగా ఉన్న మాటలే ఇక్కడ నిషేధాలుగా ఉన్నాయి. బానిసకూ భార్యకూ మధ్య తేడా 'వచ్చు'కూ 'ను'కూ మధ్య ఉన్న తేడా. ఆ తేడాను తోలు మీద రాయించుకోగలగాలంటే వెనక ఒక ప్రభువు ఉండాలి. చాత్‌కు చేర్ ఉన్నాడు. మివ్‌నాయ్‌కి తల్లి చాతిస్ ఉంది, ఉత్తరం ఆమెకు చేరలేదు.

ముగ్ కొండ కోట పంజికెంత్ పాలకుడు దేవాష్టిచ్ చివరి మజిలీ. 722లో అరబ్ సేనలు తరుముతుంటే ఊరు వదిలి జనం అక్కడికి ఎక్కారు. పన్నెండేళ్ళ నాటి పెళ్ళి పత్రాన్ని ఆ కొండ మీదికి ఎవరో మోసుకుపోయారు. అది, దాని పూచీ కాగితం, రెండూ కలిసే దొరికాయి.